ఎండుద్రాక్ష క్లాసులో ఇద్దరు సుల్తానులు

మెల్‌బోర్న్ శివార్లలోని మా పాయింట్ కుక్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నన్ను పరిచయం చేసే బాధ్యత మా ఆయనే తీసుకుంటారు. "మా ఆవిడ యూనివర్సిటీలో హిస్టరీ చెప్పేది" అంటారు. అక్కడితో ఆగితే బాగుండును. "ఏ హిస్టరీ అంకుల్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "అరబ్బుల దేశంలో ఒక చిన్న సుల్తాను ఉండేవాడట. ఆయన గురించి" అంటారీయన, ఇంట్లో ఎవరికో ఉన్న దీర్ఘవ్యాధి గురించి చెప్పినట్టు. అడిగినవాళ్ళు జాలిపడి నా ప్లేటులో ఇంకో గారె వేస్తారు.

మెల్‌బోర్న్‌లోని ఒక యూనివర్సిటీలో దాదాపు ముప్పై ఏళ్ళు ఆ పని చేసి రిటైరయ్యాను. ఈ మధ్య మన పిల్లలు ఒకరిద్దరు ఐటీ దారి వదిలేసి చరిత్రలో పీహెచ్‌డీ చేసి ట్యూటర్లుగా చేరుతున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు దిగులుపడుతుంటే, ఆ పిల్లలు నా దగ్గరికొచ్చి "ఆంటీ, ఈ జాబ్ రియల్‌గా ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో నన్ను అడగొద్దు. నాకు వచ్చినవే తక్కువ, అవి కూడా ఎందుకు వచ్చాయో ఇప్పటికీ అంతుపట్టదు. ఒక్క సెమిస్టర్ సంగతి మాత్రం చెబుతాను. ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది అప్పుడే.

హైదరాబాదు నుంచి ముకల్లాకి

ముందు ఆ సుల్తాను ఎవరో చెప్పాలి. లేకపోతే మీరూ నా ప్లేటులో గారె వేస్తారు.

అరేబియా దక్షిణపు అంచున, ఇప్పటి యెమెన్‌లో, హద్రమౌత్ అనే ప్రాంతం ఉంది. ఎండిన కొండలు, లోతైన లోయలు, ఖర్జూరపు తోటలు, సముద్రం ఒడ్డున ముకల్లా అనే రేవు. అక్కడి మగవాళ్ళు పొట్టచేత పట్టుకుని దూరదేశాలు పోయేవారు. అలా వచ్చినవాళ్ళు చాలామంది మన హైదరాబాదులో నిజాం కొలువులో సిపాయిలుగా చేరారు. వాళ్ళ బ్యారక్సు ఉన్న చోటే ఇవాళ్టి బార్కస్. అందులో ఒక కుటుంబం జమాదార్ల స్థాయికి, అంటే సిపాయిల మీద నాయకులుగా, ఎదిగి, బాగా గడించి, సొంత గడ్డకి డబ్బూ తుపాకులూ పంపించి, కోటలు పట్టి, చివరికి ఒక రాజ్యమే నిలబెట్టింది. అదే కుఐతీ సుల్తానేట్. రాజ్యం అక్కడ, సుల్తానులు చాలాకాలం ఉన్నది ఇక్కడ. రాజ్యాన్ని దూరం నుంచి నడపడం మనవాళ్ళు కనిపెట్టిన వర్క్ ఫ్రమ్ హోమ్ అని నేను క్లాసులో చెప్పేదాన్ని. ఎవరూ నవ్వేవారు కాదు.

వాళ్ళకి పోటీ కథీరీ వంశం. వాళ్ళది లోపలి లోయ. సముద్రం లేదు. తమాషా ఏమిటంటే, ఆ కథీరీల నాయకుడూ హైదరాబాదులో జమాదారీ చేసినవాడే. జగడం మన దగ్గర రాజుకుంది, కాల్పులు అక్కడ జరిగాయి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వాళ్ళు వచ్చి మిమ్మల్ని మేము కాపాడతాం అని ఒప్పందం రాయించుకున్నారు. ఎవరి నుంచి అని అడిగితే, మిగతా దొరల నుంచి. తర్వాత కొన్ని దశాబ్దాలకి ఇంకో ఒప్పందం. దాని ప్రకారం ముకల్లాలో ఒక బ్రిటిష్ సలహాదారు ఉంటాడు. అతను ఏ సలహా ఇచ్చినా సుల్తాను పాటించాలి, మతానికీ ఆచారానికీ సంబంధించిన విషయాల్లో తప్ప. ఆ 'తప్ప' అనే మాట చుట్టూ తిరుగుతూనే నా ఉద్యోగం గడిచిపోయింది.

ఈ సబ్జెక్టుకి ఏటా ఏడెనిమిది మంది పిల్లలు చేరేవారు. వాళ్ళలో ఒకరు తప్పకుండా తప్పు గదికి వచ్చినవాళ్ళై ఉండేవారు. ఒకమ్మాయి వ్యాసంలో ముకల్లాని కంప్యూటర్ తనంతట తాను సరిదిద్దేసింది. పది పేజీల పొడుగునా బ్రిటిష్ యుద్ధనౌకలు నుటెల్లా రేవులో లంగరు వేశాయి. వ్యాసం మాత్రం బాగా రాసింది. మంచి మార్కులే వేశాను.

రెండక్షరాలు ఎగిరిపోయాయి

ఆ ఏడు కొత్త రూలు వచ్చింది. పదిహేను మంది లేని సబ్జెక్టు రద్దు. నాకు పదిహేను మంది ఎప్పుడూ రాలేదు. సరే, పోయేదానికి ఏడ్చి లాభం లేదని ఊరుకున్నాను.

సెమిస్టర్ మొదలయ్యే ముందు మా డిపార్ట్‌మెంట్ హెడ్ గ్రెగ్ కారిడార్‌లో ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. గ్రెగ్ మధ్యయుగపు ఇంగ్లండులో తేనెటీగల పెంపకం మీద అథారిటీ. మనిషి మంచివాడే. కాకపోతే పైనుంచి ఎవరైనా దగ్గితే ఈయనకి జలుబు చేస్తుంది.

"వసూ, కంగ్రాట్స్! నలభై ఇద్దరు ఎన్‌రోల్ అయ్యారు."

"ఎక్కడ?"

"నీ సుల్తానేట్‌లో."

నమ్మలేక వెబ్‌సైట్ తెరిచి చూశాను. మార్కెటింగ్ వాళ్ళు శీర్షికని కుదించినప్పుడు ఇంగ్లీషులో చివరి రెండక్షరాలు పోయి 'సుల్తానేట్' కాస్తా 'సుల్తానా' అయింది. ఆస్ట్రేలియాలో సుల్తానా అంటే కిస్‌మిస్. పిల్లల లంచ్ బాక్సుల్లో పెట్టే ఎండుద్రాక్ష. 'ఒక చిన్న అరబ్ సుల్తానా చరిత్ర: రక్షణ, నియంత్రణ.' చదివినవాళ్ళకి అది నిల్వ ఉంచే పద్ధతుల గురించి అన్నట్టే ఉంది. న్యూట్రిషన్ కోర్సు పిల్లలకి బయటి సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలట. తేలికగా ఉంటుందని మూకుమ్మడిగా వచ్చి పడ్డారు.

గ్రెగ్‌కి చూపించాను. చూశాడు. తర్వాత తలుపు వేశాడు.

"సెన్సస్ డేట్ దాకా ఏమీ అనకు" అన్నాడు గొంతు తగ్గించి. సెన్సస్ డేట్ అంటే పిల్లలు నష్టం లేకుండా సబ్జెక్టు వదులుకోగలిగే ఆఖరు రోజు. అది నాలుగో వారం చివర. "అప్పటిదాకా ద్రాక్ష గురించి కూడా కాస్త చెప్పు. అరబ్బులు ద్రాక్ష తింటారు కదా?"

"తింటారు గ్రెగ్. గాలి కూడా పీలుస్తారు."

"వసూ, నేను హెడ్‌గా ఆర్డర్ వెయ్యడం లేదు. జస్ట్ అడ్వైస్ చేస్తున్నాను."

ఆ మాట విని నవ్వొచ్చింది. నవ్వి బయటికొచ్చాక లెక్క వేసుకున్నాను. నోరు మూసుకుంటే సబ్జెక్టు బతుకుతుంది. నోరు విప్పితే నేను ఇన్నేళ్ళు పోగుచేసుకున్నదంతా మూటగట్టి ఇంటికి తెచ్చుకోవాలి. ఇంట్లో దాన్ని వినేవారు ఎవరూ లేరు. మా ఆయన సంగతి చెప్పాను కదా.

మొదటి రోజు

హాలు నిండిపోయింది. ముందు వరసలో డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి, ఎండకి కాలిన చెవులతో, ఒళ్ళో ఐస్‌క్రీమ్ డబ్బాతో కూర్చున్నాడు. పేరు బ్యారీ. జీవితమంతా సముద్రానికి దూరంగా మిల్డ్యూరాలో ద్రాక్షతోట చేసి, ఇప్పుడు వెరిబీలో కూతురి దగ్గర ఉంటున్నాడు. బయటివాళ్ళు కూడా ఊరికే కూర్చుని వినొచ్చని తెలిసి వచ్చాడు. డబ్బా నిండా సొంత తోట సుల్తానాలు.

నేను మైకు పట్టుకుని, "ముందు ఒక ముఖ్య విషయం. ఇది ఎండుద్రాక్ష గురించి కాదు" అన్నాను.

ఎవరూ కదల్లేదు. నేను ఏదో లోతైన మాట అన్నానని కొందరు రాసుకున్నారు కూడా.

మళ్ళీ చెప్పాను. సుల్తాను, ఒప్పందం, బ్రిటిష్‌వాళ్ళు, అచ్చుతప్పు, అన్నీ విడమర్చి చెప్పాను. ఈసారి కుర్చీల చప్పుడు మొదలైంది. పాపం, మర్యాదస్తులు. వెళ్తూ వెళ్తూ "సారీ" అని చెప్పి మరీ వెళ్ళారు. తలుపు దగ్గర ఒకమ్మాయి ఆగింది. నల్ల హిజాబ్, భుజాన పెద్ద బ్యాగు. అందరూ పోయేదాకా నిలబడి, దగ్గరికొచ్చి తెలుగులో అడిగింది.

"మేడం, మీరు బార్కస్ అన్నరు కదా. హైదరాబాద్ బార్కసేనా?"

"అదే. నువ్వు అక్కడి అమ్మాయివా?"

"అవును మేడం. సల్మా నా పేరు. మా ఇంటోళ్ళని అందరు చావుష్, చావుష్ అంటరు. నేను అదేదో తిట్టనుకున్న ఇన్ని రోజులు."

"తిట్టు కాదమ్మా. సైన్యంలో ఒక హోదా పేరు అది. మీవాళ్ళు హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళు."

ఆ అమ్మాయి బ్యాగు కిందపెట్టి ముందు వరసలో కూర్చుంది. "అంటే ఈ సుల్తాను మావోడా?"

బ్యారీ డబ్బా మూత తీసి ఆ అమ్మాయి ముందుకి తోశాడు. "ఇంతకీ అక్కడ ద్రాక్ష పండుతుందా, పండదా?" అని నన్ను నిలదీశాడు.

"ఎక్కువగా ఖర్జూరం."

"ఖర్జూరం!" అన్నాడు, నేను వాళ్ళ ఇంట్లోవాళ్ళని ఏదో అన్నట్టు. అయినా లేవలేదు. మిల్డ్యూరావాళ్ళు డబ్బా తెచ్చాక ఖాళీ చెయ్యకుండా లేవరట.

ఊరికే వినడానికొచ్చిన బ్యారీ కాక, చివరికి మిగిలింది పద్నాలుగు మంది.

గ్రెగ్ తల పట్టుకున్నాడు. ఒక్కరు తక్కువ. ఈ సంగతి ఎలా తెలిసిందో బ్యారీకి తెలిసింది. గ్రెగ్ గదికి వెళ్ళి నేను చేరతాను అన్నాడు. ఈ వయసులో పరీక్షలూ అవీ మీకెందుకు, మానుకోమని నా సలహా అన్నాడు గ్రెగ్. పదిహేనోవాడు తన ముందే నిలబడి ఉన్నాడని ఆయనకి తట్టలేదు. బ్యారీకి ఎవరైనా సలహా ఇస్తే సరిగ్గా దానికి ఉల్టా చేస్తాడు. ఆ సాయంత్రానికే చేరిపోయాడు.

ఆచారం అనే ఆయుధం

చరిత్ర పాఠాన్ని నాటకంలా ఆడించడం నాకు అంతవరకు నచ్చేది కాదు. కానీ పదిహేను మందిలో పదిమంది ప్రోటీన్ల గురించి చదివే పిల్లలు. ఒప్పందాల భాష చదివిస్తే నిద్రపోతున్నారు. అందుకని పాత్రలు పంచాను. సల్మా కుఐతీ సుల్తాను. క్లోయీ అనే అమ్మాయి బ్రిటిష్ సలహాదారు. ఆ పిల్ల రంగురంగుల పెన్నులతో టైమ్‌టేబుల్ వేసుకుని, దాని ప్రకారమే నీళ్ళు కూడా తాగేది. కథీరీ సుల్తాను ఎవరు అంటే బ్యారీ చెయ్యెత్తాడు.

"వాళ్ళకి సముద్రం లేదన్నావు కదా? మాకూ లేదు. రేవు ఉన్నవాళ్ళు లోపలివాళ్ళని ఎప్పుడూ పీడిస్తారు. నాకు తెలుసు" అన్నాడు. ఆయన ఉద్దేశంలో మెల్‌బోర్న్ మార్కెట్టే ముకల్లా.

మొదటి రెండు వారాలు క్లోయీ చక్కగా సలహాలు ఇచ్చింది. రోడ్డు వెయ్యండి, కాల్పులు ఆపండి, లెక్కలు చూపించండి. సల్మా వినయంగా తలూపింది. మూడో వారం ఒప్పందం ఇంకోసారి చదివి వచ్చింది.

"సుల్తాన్ గారూ, మీ సిపాయిలని తగ్గించమని నా సలహా" అంది క్లోయీ.

"కుదరదు. అది ఆచారం."

"మీటింగుకి టైముకి రండి."

"ఆలస్యంగా రావడం మా ఆచారం."

"క్లాసులో సమోసాలు తినకండి!"

"మేడం," అని నా వైపు తిరిగింది సల్మా, "సమోసా మతమా, ఆచారమా?"

"సమోసా రెండూ" అన్నాను.

క్లోయీ పెన్నుల డబ్బా బల్లకేసి కొట్టింది. "ఇదేం అధికారం? అన్నింటికీ నేనే బాధ్యురాలిని, ఒక్కటీ నా చేతిలో లేదు!"

ఆ మాట నేను పుస్తకాల్లో చదివి చెబితే పిల్లలు రాసుకుని మర్చిపోయేవారు. క్లోయీ కళ్ళలో నీళ్ళు తిరిగాక ఎవరూ మర్చిపోలేదు. అలాగని సల్మాదీ ఉత్త అల్లరి కాదు. ఆఖర్లో నెమ్మదిగా ఇలా అంది: "మేడం, నాకు మిగిలింది ఆ ఒక్క మాటే కదా. దాన్ని సాగదీయక ఏం చెయ్యాలె?"

డీన్ వచ్చిన రోజు

చిన్న సబ్జెక్టులని స్వయంగా చూసి నిర్ణయిస్తానని డీన్ హెలెన్ బయల్దేరింది. ఆవిడ ఇంజినీరింగ్ మనిషి. వంతెనలు కట్టినావిడ. ఏ రోజు వస్తుందో మాకు చెప్పలేదు. వచ్చిన రోజున మా క్లాసులో ఇద్దరు సుల్తానులకీ సంధి కుదురుతోంది.

బ్రిటిష్‌వాళ్ళు సంస్థానాల పాలకులకి ఫిరంగులు పేల్చి వందనం చేసేవారు. ఎవరికి ఎన్ని పేల్చాలి అన్నది పెద్ద పరువు సమస్య. ఆ వందనం ముందు తనకే కావాలని సల్మా పట్టుబట్టింది. "సముద్రం లేదని చిన్నచూపా?" అని బ్యారీ కోటు విప్పి బల్ల మీద పడేశాడు. పాపం క్లోయీ రాత్రంతా ఆలోచించి ఒక దారి కనిపెట్టింది: ఇద్దరికీ ఒకేసారి పేల్చాలి. బేకరీ నుంచి తెచ్చిన కాగితపు సంచులు అందరూ ఊది పట్టుకున్నారు.

"వన్, టూ, త్రీ!"

గ్రెగ్ సరిగ్గా అప్పుడే తలుపు తీసి, "ఇది మా చిన్న, ప్రశాంతమైన..." అన్నాడు.

అన్ని సంచులూ ఒక్కసారి పేలాయి. గ్రెగ్ నేల మీద బోర్లా పడుకున్నాడు. డీన్ మాత్రం కదల్లేదు. వంతెనలు కట్టినావిడ కదా. పక్క గదిలో పరీక్ష జరుగుతోందట. వాళ్ళు సెక్యూరిటీకి ఫోన్ చేశారు. అయిదు నిమిషాల్లో భవనం మొత్తం ఖాళీ చేయించి అందరినీ లాన్‌లో నిలబెట్టారు. పైన మెల్‌బోర్న్ తుంపర.

సెక్యూరిటీ ఆయన మా గుంపు దగ్గరికొచ్చి గట్టిగా అడిగాడు. "హూ ఈజ్ ఇన్‌చార్జ్ హియర్?"

మూడు చేతులు లేచాయి. సల్మాది, బ్యారీది, క్లోయీది.

నేను చెయ్యెత్తబోయి ఆపుకున్నాను. ఇన్నేళ్ళు నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న అదే. అక్కడ నిజంగా రాజ్యం చేసింది ఎవరు? దానికి ఇంత మంచి జవాబు నాకు ఏ పరీక్ష పేపర్లోనూ రాలేదు.

గ్రెగ్ ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుంటూ ముందుకొచ్చాడు. "అందరూ నిశ్శబ్దంగా ఉండమని నా గట్టి సలహా."

"సర్, అది కుదరదు" అంది సల్మా చేతులు జోడించి. "మా క్లాసులో గొడవ చెయ్యడం ఆచారం."

డీన్ గొడుగు తెరిచింది. "ఒక్క నిమిషం. ముగ్గురు చేతులెత్తారు. వీళ్ళలో నిజం చెబుతున్నది ఎవరు?" అని అడిగింది. అంతే, పిల్లలు అందుకున్నారు. సైన్యం ఎవరిది, పన్ను ఎవరు వసూలు చేస్తారు, రేవు మూసేస్తే లోయకి బియ్యం ఎలా వస్తాయి? ప్రోటీన్ల పిల్లలు ఆకలి గురించి మాట్లాడారు. బ్యారీ ఏ ప్రశ్నకైనా వాన ఎందుకు పడలేదో చెప్పాడు. లోపలికి రమ్మన్నా ఎవరూ కదల్లేదు. తడుస్తూనే వాదించుకున్నారు.

వెళ్ళేటప్పుడు డీన్ నాతో ఒక్కటే అంది. "నాకు బాగా నచ్చింది. కానీ నచ్చడం వేరు, లెక్క వేరు."

మీటింగులో ఏం జరిగిందో తర్వాత విన్నాను. పదిహేను కాదు, ఇకనుంచి ఇరవై ఉండాలని ఎవరో అన్నారట. ఎప్పుడూ పైవాళ్ళకి ఎదురుచెప్పని గ్రెగ్ లేచి నిలబడి, చెవులు ఎర్రబడుతుండగా, "చిన్న క్లాసులు మా డిపార్ట్‌మెంట్ ఆచారం" అన్నాడట. డీన్ నవ్వి ఆ అంకె కొట్టేసిందట.

గ్రెగ్ గదికి వెళ్ళి థాంక్స్ చెప్పాను. "నేనేమీ అన్లేదు" అన్నాడు, తేనెటీగల పుస్తకం వెనకనుంచి.

కొత్తగా చేరేవాళ్ళకి

సబ్జెక్టు నేను రిటైరయ్యేదాకా నడిచింది. తర్వాత మూసేశారు. దానికి ఏడవకండి. సబ్జెక్టులు పుడతాయి, పోతాయి.

మీకు చెప్పగలిగేది కొంచెమే. పిల్లలు పొరపాటున వస్తే రానివ్వండి, కానీ అది పొరపాటని చెప్పండి. చెప్పాక కూడా కూర్చున్నవాళ్ళే మీ వాళ్ళు. బాసులు పిరికివాళ్ళుగా ఉంటారు. పిరికివాళ్ళంతా చెడ్డవాళ్ళు కాదు. కొందరికి ధైర్యం రావడానికి ఒక మాట అందించాలి, అంతే. చిన్న రాజ్యాలని చిన్నచూపు చూడకండి. పెద్ద సామ్రాజ్యం ఎలా పనిచేస్తుందో దాని రాజధానిలో కనపడదు. ఒక సుల్తాను సలహాదారు ముఖంలోకి చూసి "అది మా ఆచారమండీ" అన్నప్పుడు కనపడుతుంది. ఇంకోటి, శీర్షిక కుదించేవాళ్ళకి మీ శీర్షిక ఇవ్వొద్దు.

పెళ్ళి

సల్మా ఇప్పుడు బెండిగోలో ఒక ఆసుపత్రిలో డైటీషియన్. దాని పెళ్ళి బార్కస్‌లో చేశారు. నేనూ మా ఆయనా వెళ్ళాం. బ్యారీ కూడా వచ్చాడు. విమానం దిగేసరికే షేర్వాణీ వేసుకుని ఉన్నాడు. వీధి నిండా మర్ఫా డప్పుల మోత. హద్రమౌత్ నుంచి సిపాయిలతో పాటు వచ్చిన మోత అది. చిన్నప్పుడు మేమున్న సైదాబాద్‌లో ప్రతి పెళ్ళి బారాత్‌లోనూ విని, అది మనదే అనుకున్నాను. అనుకోవడంలో తప్పేమీ లేదు కూడా.

మగవాళ్ళ వైపు భోజనాలకి నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, పెద్ద పళ్ళేలలో మండీ వడ్డించారు. అన్నం మీద మాంసం, దాని మీద కిస్‌మిస్. బ్యారీ పళ్ళెంలో ఒకటి తీసుకుని వెలుతురికి ఎత్తి చూసి, పర్వాలేదన్నట్టు తలాడించాడు. సల్మా తాతగారి తమ్ముడు, తొంభైకి దగ్గరపడ్డ మనిషి, పక్కకి తిరిగి ఈ తెల్లాయన ఎవరు, ఎవరి తరఫు అని ఉర్దూలో అడిగాడు. మా ఆయన బ్యారీకి ఇంగ్లీషులో చెప్పారు.

బ్యారీ గుండె మీద చెయ్యి వేసుకుని, వీధంతా వినపడేలా, "కథీరీ!" అన్నాడు.

ముసలాయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను గుమ్మం అవతల, ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తున్నాను. మా ఆయన నా వైపు చూశారు, ఇదంతా నీ వల్లే అన్నట్టు.

ముసలాయన బ్యారీని పైనుంచి కిందకి, షేర్వాణీ గుండీల దాకా చూశాడు. తర్వాత నెమ్మదిగా జరిగి తన పక్కన చోటు చేశాడు.

"మా తాతలూ వీళ్ళ తాతలూ చాలా కొట్లాడుకున్నారు" అన్నాడు మా ఆయనతో. "రమ్మను. అన్నం చల్లారిపోతోంది."